ఠాణా పుస్తకములో పేరు

కొయ్యూరు నుండి నర్సీపట్నము పోవు బస్సును దారిలో పోలీసులు ఆపి, వెనుక సీట్లలో కూర్చున్న మా పిల్లల సంచులను మాత్రము విప్పించి చూచి, ముందు సీట్లలోని వారి సంచుల జోలికి రాక దిగిపోయిన తరువాత, నా ప్రక్కన కూర్చున్న పెద్దమనిషి ఒకరు నా వైపు తిరిగి, "ఈ కొండోళ్ళకి కష్టపడటం అలవాటు లేదండీ. సులువుగా డబ్బు రావాలి, అందుకే గంజాయి. నాలుగేళ్ళు లోపలేస్తే గాని బుద్ధి రాదు" అనెను. కొంతదూరము పోయిన పిమ్మట ఆయనయే మరల, "లోపలేసినా బుద్ధొచ్చేది లేదు లెండి. ఒకసారి వెళ్ళొచ్చినోడు మళ్ళీ అదే పని" అని నిట్టూర్చెను.

ఆయన దుర్మార్గుడు కాడు. ముసలివారు ఎక్కినప్పుడు లేచి చోటిచ్చిన మనిషి. ఆ మాటలు ఆయన సొంతము కావు. పెండ్లిపందిళ్ళలోను, కచేరీల వరండాలలోను, విశాఖలో అద్దెయిల్లు వెదకుకొను మా విద్యార్థులు తట్టిన ప్రతి గుమ్మము దగ్గరను వినవచ్చుచున్న మాటలే ఆయన నోట వెలువడినవి. సౌకర్యము కొరకు వానిని ఒక సిద్ధాంతముగా కూర్చుకొందము: మన్యమునందలి నేరము మన్యపు మనుష్యుని స్వభావమునుండి పుట్టుచున్నది, కారాగారము దానికి మందు, అయినను ఆ మందు వానికి పట్టదు గనుక, తిరిగివచ్చిన వానిని దూరముగా ఉంచుటయే క్షేమము. ఈ మూడు మాటలును ఒక్క శ్వాసలో చెప్పబడుచున్నవి. మందు పనిచేయునన్నచో వైద్యము ముగించుకొని వచ్చిన వానిని ఇంటిలోనికి పిలువవలెను; పనిచేయదన్నచో ఆ మందును పదియేండ్ల చొప్పున త్రాగించుటకు కారణము చూపవలెను. ఈ రెండింటిలో ఏదియు చేయక, రెండింటిని నమ్ముచున్న సమాజమునకు నేను సమాధానము చెప్పదలచితిని. ముప్పది యేండ్లు ఈ మండలపు బడులలో అక్షరములు దిద్దించి, పదవీవిరమణము తరువాత మా వీధి అరుగు మీద కూర్చుండి అర్జీలు వ్రాసిపెట్టుచున్న వాడను గనుక, ఈ విషయములో మాటాడుటకు నాకు కొంత అధికారము కలదని తలచుచున్నాను.

ముందుగా నేనున్న నేల సంగతి. 1924 మే 7వ తేదీన మంప దగ్గర పట్టుబడిన అల్లూరి సీతారామరాజును ఈ కొయ్యూరునకు తెచ్చి, విచారణ యనునది లేకుండ, చెట్టునకు కట్టి కాల్చిచంపిరి. అంతకు రెండేండ్ల క్రిందట, 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా పడి తుపాకులను, తూటాలను తీసికొనిపోయిన రాజు, తాను కొనిపోవుచున్న వాని లెక్కను ఠాణా పుస్తకములోనే వ్రాసి సంతకము చేసి పోయెనన్నది ఇచ్చట పిల్లలకును తెలిసిన కథ. ఆ కథను మేము సాహసమునకు ఉదాహరణముగా చెప్పుకొందుము. నాకు మాత్రము అందులో మరియొక అర్థము కనబడుచుండును. మన్యపు మనుష్యుల పేర్లను ప్రభుత్వము తన ఇష్టము వచ్చినట్లు ఎక్కించుకొనుచున్న పుస్తకములో, ఒక్కసారి, ఇవతలి పక్షము వారే తమ మాటను తామే వ్రాసికొనిరి.

ఆ తిరుగుబాటునకు ముందు ఏమి జరిగినదో చూడుడు. 1882 నాటి మదరాసు అటవీ శాసనము పోడు చేయు చేతులను బంధించినది. గూడెము డిప్యూటీ తాసీల్దారు బాస్టియను అడవిలో రోడ్డు వేయించుచు కొండవారిచేత వెట్టిగను, అరకూలికిని పని చేయించెను. బట్టిపనుకుల ముఠాదారు గాం గంటందొర మర్యాద పోయినది, ముఠా పోయినది. ఆయన తమ్ముడు మల్లుదొర అన్నతో కలిసి రాజు పక్షము చేరెను. ఆనాటి సర్కారు కాగితములలో వీరందరును పితూరీదారులు, దోపిడిగాండ్రు. గంటందొర తుపాకి గుండ్లకు బలి యయ్యెను. పట్టుబడిన మల్లుదొర అండమాను కారాగారములో ఏండ్ల తరబడి మ్రగ్గెను. తిరిగివచ్చిన ఆ ఖైదీ, 1951-52లో జరిగిన మొట్టమొదటి సార్వత్రిక ఎన్నికలలో, విశాఖపట్టణము ద్విసభ్యస్థానము నుండి లోక్‌సభకు ఎన్నికైన ఇరువురిలో ఒకడు. ఠాణా పుస్తకము అతనిని గూర్చి ఒక మాట వ్రాసియుండగా, ఓటుపెట్టె మరియొక మాట చెప్పినది.

ఇక్కడ నన్ను ఆపువారు కలరు. "దేశము కొరకు జైలుకు పోయిన దొరను, గంజాయిమూట మోసిన కుర్రవానిని ఒక గాటను కట్టెదవా?" అని అడుగుదురు. కట్టను. ఒకడు తెలిసి తలపెట్టిన ధర్మయుద్ధము వేరు, ఒకడు ఆకలికో ఆశకో లోబడి ఎత్తిన బరువు వేరు. కాని మల్లుదొర దేశభక్తుడన్న సంగతి 1924లో ఏ న్యాయమూర్తియు ఒప్పుకొనలేదు. అది తరువాత తెలిసినది. ఆనాడు అతని మీద వ్రాయబడిన మాటయే కడపటి మాట యని మనము నమ్మియుండినచో పార్లమెంటులో ఆ కుర్చీ ఖాళీగానే యుండెడిది. ఒక మనుష్యుని మీద వ్రాసిన అభియోగమును ఆ మనుష్యుని స్వభావముగా చదువుకొనరాదన్నంతవరకే నా వాదము. ఇది వీరులకును వర్తించును, వీరులు కానివారికిని వర్తించును.

స్వభావమునుండియే నేరము పుట్టునను భావము తెల్లదొరలు మనకు శాస్త్రముగా నేర్పి పోయినది. 1871లో క్రిమినల్ ట్రైబ్సు యాక్టు పుట్టినది. 1911 తరువాత అది మదరాసు రాజధానిలో అమలునకు వచ్చినది. ఒక కులమున పుట్టిన శిశువు దొంగగానే పుట్టునని ఆ శాసనము తీర్మానించినది. ఎరుకలవారిని బాపట్ల దగ్గర స్టూవర్టుపురములో, సాల్వేషన్ ఆర్మీ వారి పర్యవేక్షణ క్రింద, హాజరుపట్టీలకు కట్టివేసి, వారిచేత చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పని చేయించిరి. "సంస్కరణము" అని దానికి పెట్టిన పేరు. చౌక కూలీలు దొరకుట దాని ఫలము. 1952లో ఆ శాసనము దేశమంతట రద్దయినది గాని స్టూవర్టుపురమను పేరు మన సినిమాలలోను, సామెతలలోను దొంగ యను మాటకు పర్యాయపదముగా నిలిచిపోయినది. ఆ ఊరికి 1970వ దశకము నుండి పోయి, ఇండ్లలో కూర్చుండి, జైలునుండి వచ్చినవారిని పేరు పెట్టి పిలిచి, పిల్లలకు బడి, పెద్దలకు పని చూపినవారు లవణము, హేమలతా లవణము దంపతులు. ఎవరెవరు ఎట్లు మారినారన్నది చర్చించదలచినవారు ఆ ఊరికి పోయి అడుగవచ్చును. నాకు కావలసినది ఒక్కటే: పుట్టుకతో నేరము రాదని మన నేల మీదనే ఒక ఊరు తన మూడు తరముల జీవితముతో ఋజువు చేసినది. ఆ మచ్చనే నేడు మనము కొండల మీదికి తెచ్చి, "గంజాయి ఏజెన్సీ" అను క్రొత్త పేరు పెట్టుచున్నాము.

గంజాయి సంగతికి వత్తును. నేను దానిని వెనకవేసికొని మాటాడుటలేదు. మా ఊళ్ళ కుర్రవాండ్రు దానికి బానిసలగుట నా కండ్లతో చూచితిని. ఎవరి పిల్లవాడు ఎవరి సరుకుతో పోయినాడో తెలియక తల్లులు రాత్రులు గుమ్మములో కూర్చుండుట చూచితిని. అయితే అది ఇచ్చట అడవిలో తుప్పవలె దానంతట మొలిచినది కాదు. దూరప్రాంతముల నుండి వచ్చిన వ్యాపారి విత్తనమిచ్చును, మదుపు పెట్టును, శీలావతి యను రకమును వేయించును, పంట చేతికి రాకముందే ధర తానే నిర్ణయించును. జీడిపిక్కలకు ధర పడిపోయిన యేడు, చింతపండు తడిసిన యేడు, పసుపునకు అప్పు తీరని యేడు, ఈ వ్యాపారి సంత దగ్గర కనబడును. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) 1956లో ఏర్పడినది గిరిజనుడు షావుకారు చేతిలో మోసపోకుండుటకే. దాని కొట్టు మూసియున్న దినమున షావుకారు తెరిచియుండును. ఇక మోతగాని సంగతి. మూటను భుజమున పెట్టుకొని రాత్రి కొండదారిన దింపువాడు వేరు, మోటారు సైకిలు మీద ముందు పోయి పోలీసులున్నారో లేదో చూచు పైలటు వేరు, కారులో సరుకు ఎక్కించుకొని రాష్ట్రపు పొలిమేర దాటించువాడు వేరు, నగరములో కూర్చుండి లెక్క చూచుకొనువాడు వేరు. నేను అర్జీలు వ్రాసిపెట్టిన కుటుంబములన్నింటిలోను జైలులో ఉన్నవారు మొదటి ఇరువురే. మూడవవాడు ఎప్పుడైన దొరకును. నాలుగవ వాని పేరు ఏ తల్లియు నాకు చెప్పలేకపోయినది, ఏలన ఆమెకు తెలియదు.

శాసనము ఈ నలువురను ఒక్క త్రాసులో తూచుచున్నది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము (మా వారందరు పలుకునట్లు ఎన్డీపీఎస్) గంజాయిని బరువును బట్టి విభజించినది. కిలో వరకు స్వల్పపరిమాణము. 20 కిలోలు దాటిన వాణిజ్యపరిమాణము. 20 కిలోల వరకు శిక్షకు కనిష్ఠపరిమితి లేదు, న్యాయమూర్తికి దయ చూపుటకు చోటున్నది. దాని మీద ఒక్క కిలో హెచ్చినచో పదియేండ్లకు తక్కువ వేయుటకు వీలు లేదు, ఇరువది వరకు వేయవచ్చును, జుల్మానా లక్షకు తగ్గదు. మోతగానికి తన మూట ఇరువది కిలోలా ఇరువదిరెండా యన్నది తెలియదు. కట్టినవాడు వేరు, మోసినవాడు వేరు. పెట్టుబడి పెట్టిన వానికిని అంతటి శిక్షయే విధించు నియమము అదే చట్టములో 27ఏ సెక్షనుగా ఉన్నది. అది వ్రాసియున్నంత గట్టిగా ప్రయోగింపబడిన నాడు నేను ఈ వ్యాసమును చింపివేయుదును.

2021 చివర మొదలైన పరివర్తన యను కార్యక్రమములో పోలీసులు మన్యములో తోటలను నరికించిరి. చాల ఊళ్ళలో జనమే కత్తులు పట్టి నరికిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి కాల్చిరి. ఆ మంటల ఛాయాచిత్రములు పత్రికలన్నింటిలోను వచ్చినవి. తమ పంటను తామే నరికిన కుటుంబములకు మరుసటి ఋతువున ఏ విత్తనము, ఏ ధర, ఏ బేరము దొరకినదో వ్రాయుటకు వచ్చిన విలేఖరి ఒక్కడును మా అరుగు ఎక్కలేదు.

ఇప్పుడు ఒక్క ఇంటి సంగతి చెప్పెదను. పేరు చెప్పను. ఆమె భర్త నా దగ్గర అయిదవ తరగతి వరకు చదివినవాడు, లెక్కలలో చురుకైనవాడు. తెలిసిన వాని మోటారు సైకిలు వెనుక కూర్చుండి దిగుచుండగా పట్టుబడెను. వాణిజ్యపరిమాణపు కేసులలో అభియోగపత్రము దాఖలు చేయుటకు పోలీసులకు 180 దినముల గడువున్నది. బెయిలునకు ఆ చట్టపు 37వ సెక్షను అడ్డువచ్చును: నిందితుడు నేరము చేయలేదని నమ్ముటకు కారణమున్నదని న్యాయమూర్తికి తోచిన గాని బెయిలు రాదు. విచారణయే జరుగకముందు నిర్దోషి యని తోపించుట ఎట్లో నాకు నేటికిని బోధపడలేదు. ఆమెకు అవి ఏవియు తెలియవు. ఆమెకు తెలిసినది వాయిదా. వాయిదా నాడు చీకటితో లేచి, పిల్లను నడుమున కట్టుకొని, ఆటోలో రోడ్డు వరకు, బస్సులో నర్సీపట్నము వరకు, మరియొక బస్సులో విశాఖ వరకు, నూరు కిలోమీటర్లకు పైగా పోయి, మధ్యాహ్నము కోర్టు వరండాలో నిలిచి, ఎస్కార్టు లేదు గనుక ఖైదీని తీసికొనిరాలేదని విని, తిరుగుబస్సు తప్పిపోయి, బస్సు కాంప్లెక్సులో నేల మీద పండుకొని, మరునాడు వచ్చుట. ములాఖత్తునకు అడవివరము జైలుకు పోయినప్పుడు ఆమె వెంట తీసికొనిపోవునది నేను చూచితిని: ఒక సబ్బు, ఒక టూత్‌పేస్టు, వేయించిన వేరుశనగలు కట్టిన కాగితపు పొట్లము. ఆ పొట్లమును గేటు దగ్గర లోనికి పోనీయలేదట. తిరిగి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మీరు తినండి మాస్టారూ, పిల్లకి పెడితే అడుగుతాది, నాన్నకెందుకివ్వలేదని" అన్నది.

మొదటి యేడు మేకలు పోయినవి. రెండవ యేడు కాళ్ళ కడియములు. మూడవ యేడు జీడితోట ఫలసాయమును ముందుగానే ఒక వర్తకునికి వ్రాసియిచ్చెను. ఈ ధనమంతయు వకీలు ఫీజులకును, దారిఖర్చులకును పోయినది. 1987 నాటి న్యాయసేవాధికార చట్టము 12వ సెక్షను ప్రకారము షెడ్యూల్డు తెగలవారికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ప్రభుత్వఖర్చుతో వకీలును ఇప్పింపవలెను. ఆ మాట ఆమెకు నాలుగవ యేట తెలిసినది, అదియు నా వలన. నాకును అప్పటికి గాని తెలియలేదని ఒప్పుకొనుచున్నాను. నాలుగేండ్లు నిండిన పిమ్మట న్యాయస్థానము అతనిని నిర్దోషి యని విడిచిపెట్టినది. పట్టుకొన్న సరుకు నమూనాలను చట్టము చెప్పిన రీతిని మేజిస్ట్రేటు ఎదుట తీయలేదు, మధ్యవర్తుల నివేదికపై సంతకము చేసిన వారు కోర్టులో ఒక రీతిగా చెప్పలేదు. దీనిని చదువు పెద్దమనిషి, "చూచితివా, సాంకేతిక కారణములతో తప్పించుకొన్నాడు" అనును. నిజముగా మూట అతనిదేనా కాదా యన్నది నాకు తెలియదు, అడుగలేదు. ఒకటి తెలియును: శిక్ష పడకుండగనే నాలుగేండ్ల శిక్ష అనుభవించినాడు, ఆ నాలుగేండ్లను తిరిగి ఇచ్చు సెక్షను ఏ చట్టములోను లేదు.

ఇట్టివాడు ఇతడొక్కడే కాడు. 2022 చివరి నాటికి మన దేశపు జైళ్ళలోని ప్రతి నూరుమందిలో 75 మందికి పైగా విచారణలోనున్న వారేనని ప్రభుత్వపు నేరగణాంక సంస్థ వారే లెక్క చెప్పిరి. ఆ యేడు నవంబరు 26న రాజ్యాంగదినోత్సవ సభలో, సర్వోన్నత న్యాయస్థానపు న్యాయమూర్తుల ఎదుట, సంతాలు తెగలో పుట్టిన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము, వ్రాసికొనివచ్చిన ప్రసంగమును ప్రక్కకు పెట్టి, తమ హక్కులేవో కూడ తెలియక ఏండ్లతరబడి జైళ్ళలో ఉండిపోవుచున్న పేదలను గూర్చి మాటాడిరి. ఆ దినము నేను రేడియో దగ్గర లేచి నిలుచుంటిని.

కారాగారము బుద్ధి గరపునను మాట మిగిలియున్నది. నిజముగా ఆ ఉద్దేశముతోనే శిక్ష వేయుచున్నచో, లోపల బుద్ధిగా మసలుకొన్నవానికి ఒక ఆశ చూపవలెను గదా. హత్య చేసి యావజ్జీవము పడినవాడు సత్ప్రవర్తనచేత శిక్ష తగ్గించుకొని, ఆగస్టు 15ననో జనవరి 26ననో విడుదల కావచ్చును. ఎన్డీపీఎస్ ఖైదీకి అది లేదు. ఆ చట్టపు 32ఏ సెక్షను శిక్షలో తగ్గింపును నిషేధించుచున్నది. 2000 సంవత్సరములో సర్వోన్నత న్యాయస్థానము ఆ సెక్షనులో అప్పీలు కోర్టు శిక్షను నిలుపుదల చేయు అధికారమును మాత్రము నిలబెట్టి, తగ్గింపుపై నిషేధమును అట్లే ఉంచినది. అదే చట్టపు 33వ సెక్షను, పదునెనిమిదేండ్లు దాటినవానికి, మొదటి తప్పిదమైనను, 1958 నాటి ప్రొబేషను చట్టపు మేలు అందనీయదు. అనగా మూట మోసినవాడు లోపల చదువు నేర్చుకొన్నను, మగ్గము నేర్చుకొన్నను, తోటి ఖైదీని కాపాడినను, ఒక్క దినము తగ్గదు. మారుటకు తలుపు మూసి, మారలేదని నిందించువారికి నేను ఈ రెండు సెక్షనులను చదివి వినిపింపగోరుచున్నాను.

పోలీసులను గూర్చి రెండు మాటలు. వారిలో మా కొండపిల్లలు కూడ ఉన్నారు. వర్షములో, జ్వరములలో అడవిలో తిరుగువారి కష్టము నాకు తెలియును. కాని శాసనము రెండు కొలతలతో నడచుట కూడ మాకు తెలియును. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలము వాకపల్లిలో, గాలింపునకు వచ్చిన గ్రేహౌండ్సు సిబ్బంది తమపై అత్యాచారము చేసిరని 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేసిరి. ఆ కేసు పదునైదేండ్లకు పైగా నడచి, 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక న్యాయస్థానములో నిందితులు నిర్దోషులుగా విడుదలయిరి. దర్యాప్తు సరిగా జరుగలేదని చెప్పి, ఆ స్త్రీలకు పరిహారము ఈయవలెనని అదే న్యాయస్థానము ఆదేశించెను. దర్యాప్తు లోపముచేత ఒకరు విడుదలయినప్పుడు "న్యాయస్థానము తేల్చినది" అందురు. అదే లోపముచేత మా కుర్రవాడు విడుదలయినప్పుడు "తప్పించుకొన్నాడు" అందురు. ఈ రెండు వాక్యములను ఒకే నోట పలుకుటకు ఎంత అభ్యాసము కావలెనో యోచింపుడు.

విడుదలయిన వాని బ్రతుకు ఆ దినమునుండి మరల మొదలగునని చదువరులు తలచవచ్చును. అతని మోటారు సైకిలు (పట్టుబడిన నాటిది కాదు, అంతకు ముందు వాయిదాల మీద కొన్న తన సొంతది) కంతులు కట్టలేదని ఫైనాన్సు వారు ఎప్పుడో తీసికొనిపోయిరి. జీడితోటలో నాలుగేండ్లుగా తుప్పలు కొట్టలేదు. పూత సమయమునకు అడుగు శుభ్రపరచని జీడిచెట్టు సరిగా కాపు కాయదు. ఎన్నికలు వచ్చినను, మంత్రి వచ్చినను, ముందు పిలుపు ఇతనికే: వచ్చి బైండోవరు సంతకము పెట్టిపొమ్మని. కూలికి పిలువరు. పిలిచినవారు సాయంత్రమునకు, "రేపటినుంచి వద్దులే, ఊళ్ళో ఏదైనా జరిగితే మా మీదికొస్తాది" అందురు.

ఇంత వ్రాసినవాడను నేను కూడ వారిలో ఒకడనే. అతడు విడుదలయి వచ్చి మొట్టమొదటిసారి మా ఇంటికి వచ్చిన సాయంత్రము, మెట్ల క్రింద నిలిచి "మాస్టారూ" అని పిలిచినప్పుడు, నా చేయి నాకు తెలియకుండగనే బల్ల మీది చేతిగడియారము మీదికి పోయినది. అతడు చూచెను. ఏమియు అనక, చేతులు వెనుకకు కట్టుకొని నిలిచెను. జైలులో లెక్క చూచునప్పుడు అట్లు నిలుచుట అలవాటైనదని తరువాత చెప్పెను. బస్సులోని పెద్దమనిషి మాటలకు నేను ఎంత కోపించినను, ఆ మాటలు నా ఎముకలలో కూడ ఉన్నవని నాకు ఆ సాయంత్రమున తెలిసినది. అందుచేతనే ఈ వ్యాసము ఇంత దీర్ఘమైనది.

నగరములలోని తల్లులు నన్ను ప్రశ్నింతురు: మా బిడ్డలు కళాశాలల దగ్గర ఈ విషమునకు బలియగుచుండగా, నీవు మోతగాని కొరకు కన్నీరు కార్చుచున్నావా యని. అమ్మా, మీ కన్నీరు నాకు పరాయిది కాదు. మీ బిడ్డ చేతికి ఆ పొట్లము చేర్చిన దారిలో పదిమంది ఉన్నారు. మీరు శిక్షింపబడినాడని తృప్తిపడుచున్నవాడు ఆ పదిమందిలో అందరికంటె తేలికగా దొరకువాడు, అందరికంటె తేలికగా మరియొకడు ఆ చోటికి వచ్చువాడు. అతనిని పదియేండ్లు లోపల ఉంచినను, సంతలో జీడిపిక్క ధర అట్లే ఉన్నంతకాలము, మరునాటి రాత్రి ఆ మూటను మోయుటకు మరియొక భుజము దొరకును. మీ బిడ్డను కాపాడదలచినవారు ఆ ధరను గూర్చి అడుగవలెను. మదుపు పెట్టినవాని బ్యాంకు ఖాతాను గూర్చి అడుగవలెను. బయటికి వచ్చిన ఈ కుర్రవానికి పని దొరకినదా లేదా యని కూడ అడుగవలెను, ఏలన పని దొరకనివాని గుమ్మము ముందరికే ఆ వ్యాపారి మరల వచ్చును. వచ్చినాడు కూడ. అతడు నాతో చెప్పెను. "ఏటి చెప్పావు?" అని అడిగితిని. "తోట తుప్పలు కొట్టుకుంతన్నాను, కాళీ నేదన్నాను" అనెను.

పోయిన వారము అతడు ఒక దరఖాస్తు పట్టుకొని వచ్చెను. ఒక వసతిగృహములో రాత్రి కావలి పని. ఈసారి అరుగు మీద నా ప్రక్కన కూర్చుండబెట్టుకొని, కళ్ళజోడు పెట్టుకొని, పేరు, తండ్రి పేరు, ఊరు, చదువు, ఒక్కొక్కటే నింపుచు వచ్చితిని. కడపటి గడిలో, పూర్వము ఏదైన నేరమునకు శిక్ష పడినదా యని ఉన్నది. న్యాయస్థానము నిర్దోషి యన్నది గనుక, సందేహింపక "లేదు" అని వ్రాయబోతిని. అతడు నా కలము మీద వ్రేలు పెట్టెను.

"నాలుగేళ్ళు లోపలున్నాను గదా మాస్టారూ. నేదని రాస్తే అబద్దం అవదేటి?"